కోష్ఠగతియందు ఆకుంచన ప్రసారణములు – ఏరండప్రసంగము

ఉపక్రమము

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల ప్రాంతమును జనులు నడిగడ్డ యందురు. కృష్ణ దాటినచో వనపర్తి, దాని కావల నాగర్‌కర్నూలు. ఈ పేర్లు వినగానే ప్రాచ్యకళాశాలల వారికి సంస్థానములు స్మరణకు వచ్చును. గద్వాల, వనపర్తి, కొల్లాపురము కేంద్రముగా గల జటప్రోలు సంస్థానములు పండితపోషణకు ప్రసిద్ధములు. గద్వాలకు విద్వద్గద్వాల యను పేరే కలదు. కృషి తెలిసినవారికి మాత్రము ఈ పేర్లతో ఎఱ్ఱచెలకలు, వాననే నమ్ముకొన్న మెట్టపైర్లు, వానిలో ఆముదము తలపునకు వచ్చును. పండితుని తలపును, కృషీవలుని తలపును ఒకచోట కలుపు శబ్దము ఏరండము.

ఆముదమునకు సంస్కృతమున ఏరండమని పేరు. కదలించుట, ప్రేరేపించుట అను అర్థములు గల ఈర ధాతువునుండి దీనిని వ్యుత్పాదించుట కలదు. వాయువును, మలమును ప్రేరేపించునది యని తాత్పర్యము. వైద్యనిఘంటువులు దీనినే వాతారి యన్నవి. పేరులోనే గతి యున్నది గనుక ఒక విచారమునకు అవకాశ మేర్పడుచున్నది. ఆముదము కోష్ఠమున దేనిని కదలించును? కదలించినంత మాత్రమున ఆహారము ముందునకు సాగునా? సాగుటకు బిగింపు ఒక్కటియే చాలునా, మఱియొకటి కూడ కావలెనా?

ఈ ప్రశ్నలు శబ్దకుతూహలమునకు మాత్రమే సంబంధించినవి కావు. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులందును, 2024లో గద్వాలయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైనవి. అందు చదువు విద్యార్థి ఆంగ్లగ్రంథమున నేర్చినదానిని పల్లెనుండి వచ్చిన తల్లికి తెలుగున చెప్పవలెను. ఆమె యింట వాతము, ఆముదము అను రెండు మాటలు తరతరములుగా వాడుకలో నున్నవి. ఆ మాటల శాస్త్రార్థమును నిర్ణయించి యిచ్చు బాధ్యత ప్రాచ్యభాషాధ్యాపకులది. అర్థము సగము చెప్పినచో కలుగు హాని పసిబిడ్డ ప్రాణముదాక పోగలదని ఈ వ్యాసమున నిరూపింపబడును.

1. వాతశబ్దవిచారము

వాతమనగా కడుపులోని గాలి యని లోకమున ఒక అభిప్రాయము వ్యాపించియున్నది. ‘గ్యాసు’ అను మాట వచ్చిన పిదప ఈ అభిప్రాయము మఱింత స్థిరపడినది. శాస్త్రము దీని నంగీకరింపదు. సుశ్రుతసంహిత సూత్రస్థానము ఇరువదియొకటవ యధ్యాయమున వాత పిత్త శ్లేష్మ శబ్దములకు వ్యుత్పత్తులు చెప్పబడినవి. అందు వాతశబ్దము వా ధాతువునుండి యేర్పడినదని యున్నది. ఆ ధాతువునకు గతి, గంధనము అని రెండర్థములు. గతి యనగా కదలిక. గంధనమునకు కోశకారులు ఉత్సాహనము, హింస, సూచనము అను అర్థములను చెప్పిరి. ప్రకృతమున సూచనార్థము గ్రాహ్యము. కావున వాతమునకు రెండు ధర్మములు సిద్ధించుచున్నవి: కదలించుట, తెలియజేయుట.

ప్రేగులలో నిజముగా గాలియు కలదు. అరగని పదార్థమును పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టగా ఉదజని మొదలగు వాయువులు పుట్టును. మ్రింగిన గాలియు కొంత చేరును. కాని ఆ గాలి అన్నమువలె, మలమువలె కదలింపబడు పదార్థము. అది చాల్యము, చాలకము కాదు. శాస్త్రకారులు వాతమని చెప్పినది చాలకమును. చాల్యమును చాలకమని భ్రమించుటయే లోకములోని గ్యాసు వాదమునకు మూలము.

ఈ చాలకమును వాగ్భటుడు అష్టాంగహృదయ సూత్రస్థానము పండ్రెండవ యధ్యాయమున స్థానకర్మభేదములచేత ఐదుగా విభజించెను. అన్నము లోనికి ప్రవేశించుట ప్రాణవాయువు పని. కోష్ఠమున సంచరించుచు అన్నమును గ్రహించుట, పచనము చేయుట, సారకిట్టములను వేఱుపఱచుట, విడుచుట సమానవాయువు పని. మలమూత్రములను, గర్భమును వెలికి పంపుట అపానవాయువు పని. ఉదాన వ్యానములు ప్రస్తుత విచారమునకు సాక్షాత్తుగా చేరవు. కంఠమునుండి గుదమువఱకు సాగు మార్గము ముగ్గురు అధికారుల పాలనలో నున్నదని దీనివలన తేలుచున్నది. ఈ విభాగము మరల నాల్గవ ప్రకరణమున ఉపయోగపడును.

2. ప్రత్యక్షవిచారము

శవమును ఏడు రాత్రులు నీట నుంచి, పొరపొరగా తొలగించి చూడవలెనని సుశ్రుతుడు శారీరస్థానమున విధించెను. శాస్త్రమున విన్నది, కంట చూచినది రెండును కలిసినపుడే జ్ఞానము పెరుగునని ఆయన మతము. ఆ మార్గముననే నేటి శారీరకులు ప్రేగుగోడను పరిశీలించిరి.

చిన్నప్రేగు పొడవు పెద్దలలో సుమారు 6 మీటర్లు. దాని గోడలో రెండు కండరపు పొరలు కలవు. లోపలిది వలయాకారము, అది బిగిసినచో గొట్టము సన్నమగును. వెలుపలిది నిలువు పొర. అది బిగిసినచో గొట్టము పొట్టియగును. ఈ కండరములు మన చేతికండరములవలె ఇచ్ఛకు లోబడవు. వీని కణములు ఒకదానితో నొకటి విద్యుత్సంబంధము కలిగి, గుంపుగా పనిచేయును.

ఈ పొరల నడుమ నాడీకణముల వలలు రెండు కలవు. లోపలి శ్లేష్మపు పొరకు క్రింద నున్న వలను 1857లో మైస్నర్ వర్ణించెను. రెండు కండరపు పొరలకు మధ్య నున్న వలను 1860ల దశకమున ఔఎర్‌బాఖ్ కనుగొనెను. ఈ రెండు వలలలోని నాడీకణముల సంఖ్య పది కోట్లకు మించునని గణన. వెన్నుపాములోని నాడీకణముల సంఖ్యతో దీనిని పోల్చుట పరిపాటి.

ఇన్ని కణములు అచట నెందులకు? 1899లో లండను నగరమున బేలిస్, స్టార్లింగ్ అను ఇరువురు దీనికి సమాధానము వెదకిరి. వారు కుక్క ప్రేగునకు వెలుపలినుండి వచ్చు నాడుల నన్నిటిని ఖండించి, ప్రేగులో ఒక ముద్ద నుంచిరి. మెదడునుండి గాని వెన్నుపామునుండి గాని ఆజ్ఞ వచ్చు దారి లేకున్నను ముద్ద క్రిందికే సాగెను. ముద్దకు పైభాగము బిగిసెను, క్రిందిభాగము సడలెను. 1917లో ట్రెండెలెన్‌బుర్గ్ గినీపంది ప్రేగు ముక్కను దేహమునుండి వేఱుచేసి, వెచ్చని పోషకద్రవమున నుంచి, అందును ఈ చలనమును చూపెను. కావున ప్రేగునకు తన స్వంత నాడీవ్యవస్థ కలదని నిశ్చయ మేర్పడినది. 1921లో లాంగ్లీ స్వతంత్రనాడీమండలమును మూడు శాఖలుగా విభజించి, ప్రేగునాడులకు ప్రత్యేకస్థానము నిచ్చెను.

3. గతిక్రమము

ముద్ద ప్రేగులోనికి వచ్చినపుడు గోడ సాగును, లోపలి పొర ఒరసికొనును. ఆ పొరలో అచ్చటచ్చట నున్న ప్రత్యేకకణములు సెరటోనిన్ అను పదార్థమును విడుచును. శరీరములోని సెరటోనిన్‌లో నూటికి తొంబది పాళ్లు ప్రేగులోనే యున్నది. దానిచే ఉత్తేజితములైన గ్రాహకనాడులు ముద్ద వచ్చిన వార్తను వలకు అందించును. పైని చెప్పిన గంధనార్థమగు సూచనము ఇదియే యని పోల్చి చెప్పవచ్చును.

అచటనుండి వార్త రెండు దిక్కులకు సాగును. ముద్దకు పైదిక్కున ఉత్తేజకనాడులు ముఖ్యముగా ఎసిటైల్‌కోలిన్ అను పదార్థమును విడువగా వలయకండరము బిగియును. క్రిందిదిక్కున నిరోధకనాడులు నైట్రిక్ ఆక్సైడు మున్నగు పదార్థములను విడువగా వలయకండరము సడలును. వెనుక బిగువు, ముందు సడలింపు, రెండును కలిసి ముద్ద ఒక మెట్టు ముందునకు జరుగును. అచట మరల గోడ సాగును. మరల ఇదే క్రమము.

నిరోధకనాడులు విడుచు పదార్థములలో ఏ.టీ.పీ. యు నొకటి. దీనిని 1929లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేతో కలిసి వేఱుచేసినవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ స్వతంత్రముగా దానిని కనుగొనెను. కండరమునకు శక్తి నిచ్చు పదార్థముగా అది తొలుత ప్రసిద్ధి చెందినది. 1970 ప్రాంతమున బర్న్‌స్టాక్ గినీపంది ప్రేగుకండరముపై పరిశోధించి, నాడి కండరమునకు సడలుమని చెప్పు మాటగా కూడ అదే పదార్థము వాడబడుచున్నదని ప్రతిపాదించెను. బిగియుటకు ఇంధనమైనదే సడలుటకు సందేశమగుట గమనింపదగినది.

కండరమునకు తాళము వేయు కణములు మఱి కొన్ని కలవు. స్పెయిను దేశపు కహాల్ వీనిని వర్ణించినందున ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నవి. వీనివలన మందవిద్యుత్తరంగములు జీర్ణాశయమున నిమిషమునకు సుమారు 3, చిన్నప్రేగు మొదట సుమారు 12, చివర సుమారు 8 చొప్పున పుట్టును. తరంగము పుట్టినంతనే ప్రేగు బిగియదు. ఏ తరంగము బిగువుగా మాఱవలెనో నాడులు నిర్ణయించును. తాళము నిత్యము, పాట సందర్భానుసారము.

ఇచట న్యాయవైశేషికపరిభాష మిక్కిలి యుపకరించును. అన్నంభట్టు తర్కసంగ్రహమున బాలురకు నేర్పిన కర్మపంచకమున ఉత్క్షేపణ, అపక్షేపణ, ఆకుంచన, ప్రసారణ, గమనములు కలవు. శరీరమునకు దగ్గఱయగు సంయోగమునకు హేతువు ఆకుంచనము. దూరపు సంయోగమునకు హేతువు ప్రసారణము. ఈ రెండింటిని వేఱువేఱు కర్మలుగా లెక్కించుటలోనే సూక్ష్మత కలదు. ప్రసారణమనగా ఆకుంచనము లేకపోవుట కాదు. అదియు ఒక కర్మయే. ప్రేగు విషయమునను అట్లే. ముందుభాగము సడలుట కండరపు సోమరితనము కాదు. నాడి ఆజ్ఞాపించి చేయించిన పని. ఈ రెండు కర్మలనుండి ముద్దకు గమనము కలుగుచున్నది.

హిందీ శాస్త్రపరిభాషలో ఈ చలనమునకు క్రమాకుంచన అను పేరు స్థిరపడినది. తెలుగు పాఠ్యపుస్తకములు పెరిస్టాలిటిక్ చలనము అని ఆంగ్లశబ్దమునే గ్రహించినవి. క్రమాకుంచనశబ్దము శ్రవ్యమే గాని అర్థమున సగమే. అందు ప్రసారణము లోపించినది. గద్వాల సాలెవారి మగ్గమును చూచినవారికి ఈ లోపము తేటపడును. కాలితో కఱ్ఱను తొక్కగా పడుగులో కొన్ని పోగులు లేచును, కొన్ని దిగును. నడుమ నేర్పడిన సందులో నాడె పరుగెత్తును. ఆ సందు తెఱవకుండ చేతితో నెంత విసిరినను నాడె దాటదు. గమనమునకు వెనుకనుండి త్రోయు బలమెంత ముఖ్యమో, ముందు దారి తెఱచుట అంత ముఖ్యము.

కోష్ఠచలనమంతయు ముందునకే సాగునని తలంపరాదు. భోజనానంతరము చిన్నప్రేగు అచ్చటచ్చట బిగిసి సడలుచు అన్నమును ముందు వెనుకలకు కలుపును. కడుపు ఖాళీగా నున్నపుడు 90 మొదలు 120 నిమిషముల కొకసారి ఒక గట్టి తరంగము జీర్ణాశయమునుండి చిన్నప్రేగు చివఱివఱకు సాగి, మిగిలిన తుక్కును ఊడ్చును. మరల భోజనము చేసినచో ఈ ఊడ్పు నిలిచిపోవును. ఒకే గోడ, ఒకే నాడీజాలము సమయమును బట్టి వేఱువేఱు చలనములను చేయించును.

4. స్థానభేదము

ఇక వాగ్భటుని విభాగమును దీనితో పోల్చి చూడవలెను. మ్రింగుట మెదడు కాండమునుండి వచ్చు ఆజ్ఞలచే జరుగును. అన్నవాహిక పైభాగమున నున్నది చేతిలోని కండరమువంటిదే. చిన్నప్రేగు దాదాపుగా స్వతంత్రము. దాని వలయే దానికి పాలకము. మార్గము చివర మరల వెన్నుపాము, మెదడు ప్రవేశించును. గుదమున రెండు కవాటములు కలవు. లోపలిది తనంత తాను తెఱచుకొనును, వెలుపలిది మనుష్యుని ఇచ్ఛకు లోబడును. ఆద్యంతములు మెదడు, వెన్నుపాములకు అధీనములు, మధ్యభాగము స్వాధీనము. ప్రాణ సమాన అపానముల మూడు పాలనలకు, నేడు తేలిన మూడు విధముల నియంత్రణకు స్థానవిషయమున గొప్ప సామ్యము కలదు.

చరకసంహిత సూత్రస్థానము ఏడవ యధ్యాయమున ఆపగూడని వేగములు పదమూడు చెప్పబడినవి. అందు పురీషవేగ మొకటి. గుదనాళము నిండినపుడు లోపలి కవాటము సడలును; అది సూచనము. వెలుపలి కవాటమును బిగించి మనుష్యుడు వేగము నాపగలడు. మాటిమాటికి ఆపినచో గుదనాళము సాగుటకు అలవాటుపడి, సూచనమే మందగించును. మరుగుదొడ్డి సౌకర్యము లేనిచోట దినమంతయు ఆపుకొను బాలికకు మలబద్ధము కలుగుట ఈ క్రమముననే. నిషేధవాక్యమునకు కారణమును నేడు ఈ విధముగా వివరింపవచ్చును.

5. నాడి లేనిచోట

ప్రసారణము కర్మయే యనుటకు బలవత్తరమగు నిదర్శనము ఒక శిశురోగము. 1886లో డెన్మార్కు దేశీయుడగు హిర్ష్‌స్ప్రుంగ్ అను వైద్యుడు ఇరువురు శిశువులను గూర్చి వర్ణించెను. వారికి మలము వెడలదు, పెద్దప్రేగు మిక్కిలి ఉబ్బియుండును. ఆయన పేరనే ఆ రోగము పిలువబడుచున్నది. సుమారు ఐదువేల జననములకు ఒకటి చొప్పున కన్పట్టుచున్నది, మగబిడ్డలలో హెచ్చు.

ఉబ్బిన భాగమే రోగస్థానమని చాలకాలము భావింపబడినది. పరిశీలనమున దానికి విరుద్ధముగా తేలినది. ఉబ్బినభాగము ఆరోగ్యముగనే యున్నది. దానికి క్రింద, చూచుటకు మామూలుగా గాని సన్నగా గాని నున్న భాగమున నాడీకణములు లేవు. గర్భస్థదశయందు ఈ నాడీకణముల పూర్వకణములు నోటివైపునుండి గుదమువైపునకు క్రమముగా వలసపోవును. ఆ ప్రయాణము మధ్యలో నిలిచిపోయినచో చివరిభాగమునకు నాడీజాల మేర్పడదు. 1948లో అమెరికా దేశమున స్వెన్సన్, ఆ సన్ననిభాగమును తొలగించి మంచిప్రేగును క్రిందికి తెచ్చి కలుపు శస్త్రకర్మను ప్రకటించెను. అప్పటినుండి ఈ బిడ్డలు బ్రతికి బట్టకట్టుచున్నారు.

దీనినుండి నేర్వవలసిన పాఠమిది. ఆ భాగమున కండరమున్నది, బలహీనము కాదు. నాడి లేనందున అది చచ్చువడి వ్రేలాడవలెనని సామాన్యముగా తోచును. కాని అది ఎల్లపుడు బిగిసియుండును. సడలుమని చెప్పువారు లేకపోవుటయే దాని రోగము. ఆకుంచనము మిగిలి ప్రసారణము పోయినచో గతి నశించును. క్రమాకుంచనమను పేరు ఈ సత్యమును కప్పివేయుచున్నది.

ఆకుంచనము పోయినను గతి నశించును. చెలకగట్లపై పెరుగు ఉమ్మెత్త దీనికి దృష్టాంతము. దాని విషము కండరముపై ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డగించును. అందుచేత ఉమ్మెత్త తిన్నవారికి నోరెండుటతో పాటు ప్రేగులు స్తంభించును. అచట బిగువు లేదు, ఇచట సడలింపు లేదు. ఫలము రెండుచోట్లను మలావరోధమే. ఒకే లక్షణమునకు విరుద్ధకారణములు ఉండగలవు గనుక లక్షణమును మాత్రమే చూచి ఔషధము నీయరాదు.

6. ఏరండకర్మ

ఇపుడు ఆముదమునకు వత్తము. గింజలను వేయించి, దంచి, నీట మరిగించి, తేలిన నూనెను తీసి వంటాముదము చేయుట పల్లెలలో చిరకాలపు వాడుక. గింజలోని రైసిన్ అను విషము నూనెలో కలియదు, మరుగుటచేత నశించును. నూనె విషము కాకున్నను ప్రేగున దాని పని తీవ్రమైనది. చిన్నప్రేగులో అది విడిపోయి రిసినోలీక్ ఆమ్లము పుట్టును. 2012లో జర్మనీలోని పరిశోధకులు ఎలుకలపై ప్రయోగించి, ఈ ఆమ్లము ప్రేగుకండరకణముపై నున్న ఒక గ్రాహకమును ఉత్తేజపఱచునని నిరూపించిరి. ఆ గ్రాహకము పేరు ఈపీ3. కండరకణములపై ఆ గ్రాహకము లేని ఎలుకలకు ఆముదమువలన విరేచనము కాలేదు.

దీనివలన తేలునదేమనగా, ఆముదము కండరమును నేరుగా బిగింపజేయుచున్నది. ఈరణమను పేరు సార్థకము. కాని అది చేయునది ఆకుంచనమునకు ప్రేరణ. నాడి లేనిచోట నాడి పనిని అది చేయజాలదు, మూసికొన్న దారిని తెఱవజాలదు. నాడీజాలము సరిగా నున్న పెద్దవారికి మలబద్ధమున అది పనిచేయుటకు కారణము, ముందు దారి తెఱచు నాడులు అచట ఉండుటయే. దారి మూసికొన్నపుడు వెనుకనుండి త్రోయుట ఉబ్బును, నొప్పిని పెంచును. ప్రేగు చిల్లుపడునంతటి ప్రమాదమునకు దారితీయవచ్చును.

పుట్టిన బిడ్డకు ఆముదము పట్టు ఆచారము పెక్కు యిండ్ల కలదు. ఆరోగ్యవంతుడైన నెలలునిండిన శిశువు తొలి నల్లని మలమును చాలవఱకు 24 గంటలలోపలనే విడుచును. 48 గంటలైనను విడువనిచో, కడుపు ఉబ్బినచో, పసరు వాంతియైనచో పైని చెప్పిన రోగమునో మఱియొక అవరోధమునో శంకింపవలెను. అట్టి బిడ్డకు ఆముదము పట్టి వేచియుండుట అమూల్యమైన కాలమును పోగొట్టుట. నూనె ఊపిరితిత్తులలోనికి పోవు భయమును కలదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మఱేదియు పట్టరాదని నేటి వైద్యుల నిర్ణయము.

ఆచారమును కాదనుట శాస్త్రమును కాదనుట యగునా యని శంకింపవచ్చును. కాదు, శాస్త్రమే ఈ పక్షమున నున్నది. చరకసంహిత సిద్ధిస్థానము రెండవ యధ్యాయమున విరేచనమునకు తగనివారు లెక్కింపబడిరి. అందు కడుపుబ్బిన ఆధ్మాతుడు, దారుణకోష్ఠుడు, గర్భిణి కలరు. ఆధ్మాతునికి విరేచన మిచ్చినచో పురీషకోష్ఠమున నిలిచిన వాయువు వ్యాపించి తీవ్రమైన ఆనాహమునో మరణమునో కలిగించునని కారణము కూడ చెప్పబడినది. ప్రేగు మూసికొనిన బద్ధగుదోదరమునందు శస్త్రకర్మ సుశ్రుతుడు చికిత్సాస్థానమున విధించెను. కాయచికిత్సకు ఆకరమగు చరకసంహితయే ఉదరచికిత్సాధ్యాయమున ఇట్టి స్థితిని శల్యవిదుల కప్పగించినది. ఏరండమును స్తుతించిన శాస్త్రమే దాని హద్దును కూడ చెప్పినది. లోకము స్తుతిని నిలుపుకొని హద్దును మఱచినది.

గర్భిణీనిషేధమున మఱియొక విశేషము కలదు. మలమును, గర్భమును వెలికి పంపు పని రెండును ఒకే అపానమునకు చెప్పబడినవి. 2012 నాటి పరిశోధనమునందే ఎలుకల గర్భాశయము కూడ అదే గ్రాహకముద్వారా ఆముదమునకు లోబడి సంకోచించినదని తేలినది. కావున గర్భవతులు వైద్యుని అనుమతి లేక ఆముదము త్రాగరాదు.

7. సామ్యమర్యాద

ఇన్ని సామ్యములు చూపిన పిదప ఒక హెచ్చరిక అవసరము. ప్రాచీనులకు నాడీకణములు తెలియునని, వాతమే నేటి నాడీవ్యవస్థ యని చెప్పుట సాహసము. ఉపమేయమును ఉపమానమునందు లయింపజేసినచో రెండును చెడును. ఇందుకు మూడు హేతువులు.

మొదటిది, ప్రమాణభేదము. వాతము కార్యమునుబట్టి అనుమేయము. నాడీకణము సూక్ష్మదర్శినిచే ప్రత్యక్షము. రెండవది, వ్యాప్తిభేదము. సమానవాయువునకు అన్నపచనమున సాక్షాద్వ్యాపారము చెప్పబడినది. నేటి శాస్త్రమున ఆహారమును విడగొట్టునవి జీర్ణరసములు, నాడులు వాని స్రావమును నియమించునవి మాత్రమే. మూడవది, శబ్దభేదము. లోకమున నరమను మాట రక్తనాళమునకు, కండెకు, నాడికి సమానముగా వాడబడుచున్నది. సంస్కృతమున సిరా, ధమనీ, స్నాయు, నాడీ శబ్దములకు ప్రకరణమును బట్టి వేఱువేఱు అర్థములు. నేటి తెలుగు పాఠ్యపుస్తకములు నాడి యనునది ఒకటి, సంహితలలోని నాడి మఱియొకటి. ఈ భేదమును తెలుపక అనువదించు అధ్యాపకుడు విద్యార్థిని తప్పుదారి పట్టించినవాడగును.

అట్లని సామ్యములు నిరర్థకములు కావు. గతిసూచనములను కలిపి చెప్పిన ధాత్వర్థము, ఆకుంచన ప్రసారణములను వేఱుచేసిన తర్కపరిభాష, స్థానభేదమున అధికారభేదమును చూపిన వాయువిభాగము, ఇవి క్రొత్త విషయమును తెలుగువాని మనస్సులో నిలుపుటకు సిద్ధముగా నున్న ఆధారములు. ఆధారముగా వాడుకొనుట ఉచితము. ప్రమాణముగా చాటుట అనుచితము.

ఉపసంహారము

దీనినిబట్టి ఫలితార్థము లివి. కోష్ఠగతి ఆకుంచనమాత్రము కాదు. వెనుక ఆకుంచనము, ముందు ప్రసారణము, రెండును సమకూడిన గమనము. ఈ సమకూర్పు ప్రేగుగోడలోని నాడీజాలము పని. కండరమున్నను నాడి లేనిచో దారి మూసికొనును. కావున పరిభాషారచనయందు ఈ చలనమును ఆకుంచనప్రసారణతరంగ మనుట యుక్తము. శాస్త్రము చదువనివారికి చెప్పునపుడు వెనుక బిగిసి ముందు సడలు కదలిక యని తేట తెలుగున చెప్పిన చాలును.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో నేడు ప్రాచ్యవిద్యాసంప్రదాయము, వైద్యవిద్య ఇరుగుపొరుగుగా నున్నవి. సంస్థానకాలమున పండితసభలలో ఒక శబ్దమునకు అర్థనిర్ణయము చేయుట కీర్తికి హేతువయ్యెడిది. ఇపుడు అదే పని ఒక తల్లికి ఉపకరించును. కడుపుబ్బిన బిడ్డకు కావలసినది వెనుకనుండి త్రోయు నూనె కాదు, ముందు దారి తెఱచు వైద్యమని ఆమెకు తెలిసిన మాటలలో చెప్పగలిగినచో, ఆమె ఆముదపు గిన్నెను ప్రక్కన బెట్టి బిడ్డను శస్త్రవైద్యునికడకు తీసికొనిపోవును.